అల్యూమినియం డబ్బాని ఎందుకు పక్కన పెట్టాం: ఇంట్లో కట్టిన రీబ్రీదర్ స్క్రబ్బర్‌కి మెటీరియల్ ఎంపిక, ఒక కేస్ స్టడీ

2018 నవంబర్‌లో ఒక శనివారం పొద్దున తమ్ముడి వరసయ్యే కుర్రాడు నా వర్క్‌షాప్‌కి వచ్చాడు. వాడిది కాకినాడ. ఇంగ్లండ్‌లో లెస్టర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, సెలవు దొరికితే డైవింగ్. చేతిలో నల్లగా ఆనోడైజ్ చేసిన అల్యూమినియం గొట్టం, దాని లోపల ఇమిడిపోయే పారదర్శకమైన పాలికార్బొనేట్ గొట్టం ఉన్నాయి.

"అన్నా, నా రీబ్రీదర్‌కి స్క్రబ్బర్ క్యానిస్టర్ ఇది. మూతకి ఓ-రింగ్ గాడి లేత్ మీద కొట్టిపెట్టు చాలు. మిగతాదంతా అయిపోయింది" అన్నాడు. రీబ్రీదర్ అంటే వదిలిన ఊపిరినే శుభ్రం చేసి మళ్లీ పీల్చుకోనిచ్చే డైవింగ్ పరికరం. స్క్రబ్బర్ అందులో ఊపిరిని శుభ్రం చేసే డబ్బా. ఓ-రింగ్ అంటే అతుకుని మూసే గుండ్రటి రబ్బరు రింగు.

పదిహేడేళ్లుగా నా పని ప్లాస్టిక్, లోహపు విడిభాగాల మెషినింగ్. డైవింగ్ కూడా చేస్తాను. ఆ గాడి కొట్టడం అరగంట పని. కానీ ఆ డబ్బాని చూశాక మనసు ఒప్పుకోలేదు. అరగంట పని ఐదు నెలలైంది. వాడు తెచ్చిన రెండు గొట్టాల్లో ఒక్కటి కూడా చివరికి వాడలేదు. ఎందుకు వాడలేదో, బదులుగా ఏం వాడామో రాస్తున్నాను. ఇలాంటి పనికి పూనుకునేవాళ్లు మొదట నా దగ్గరికొచ్చిన కుర్రాడిలాగే బలం గురించే ఆలోచిస్తారు. ఈ డబ్బాలో బలం చివరి సమస్య.

డబ్బాలో ఏం జరుగుతుంది

మామూలు స్కూబాలో వదిలిన ఊపిరి బుడగలై పైకి పోతుంది. రీబ్రీదర్‌లో అదే ఊపిరి గొట్టాల్లో గుండ్రంగా తిరుగుతుంది, ఆ దారినే లూప్ అంటారు. దారిలో స్క్రబ్బర్ డబ్బా కార్బన్ డయాక్సైడ్‌ని పీల్చేస్తుంది, ఖర్చైన ఆక్సిజన్‌ని సిలిండర్ నుంచి కలుపుతారు. ఊహ పాతదే. 1878లో హెన్రీ ఫ్లూస్ తయారుచేసిన పరికరంలో కాస్టిక్ పొటాష్‌లో నానబెట్టిన తాడు పీచు ఈ పని చేసింది. బ్రిటన్‌లో కడుతున్న సెవర్న్ రైలు సొరంగం నీట మునిగాక, 1880లో అలెగ్జాండర్ లాంబర్ట్ అనే డైవర్ దాన్ని తగిలించుకునే లోపలికి వెళ్లాడు.

ఇప్పుడు ఆ పనికి సోడా లైమ్ గుళికలు వాడతారు. అందులో ముప్పాతిక వంతుకి పైగా కాల్షియం హైడ్రాక్సైడ్, అంటే తాంబూలంలో రాసుకునే సున్నమే. మరో 15 శాతం దాకా నీళ్లు, 3, 4 శాతం సోడియం హైడ్రాక్సైడ్, అంటే కాస్టిక్ సోడా. కార్బన్ డయాక్సైడ్ ముందు గుళికలోని తడిలో కరుగుతుంది, కాస్టిక్ సోడా దాన్ని పట్టుకుంటుంది, తర్వాత సున్నానికి అప్పగించి మళ్లీ ఖాళీ అవుతుంది. చివరికి మిగిలేది సుద్ద. ఈ క్రమంలో వేడి పుడుతుంది, నీరు పుడుతుంది. కాబట్టి మనం ఎంచుకునే గోడకి డైవ్ పొడుగునా తగిలేది మూడు: ఘాటైన క్షారం, వెచ్చదనం, తడి.

అల్యూమినియం సంగతి నాకు పుస్తకాలకంటే ముందే తెలుసు. చిన్నప్పుడు సంక్రాంతి ముందు వెల్ల వేసేటప్పుడు సున్నం సత్తు గిన్నెలో కలపబోతే మా నాయనమ్మ కేకలేసేది. "గిన్నె తినేస్తుందిరా, కుండలో కలుపు" అనేది. ఆవిడకి రసాయనశాస్త్రం తెలియదు, అల్యూమినియం గిన్నె నల్లబడి గుంటలు పడటం తెలుసు. అల్యూమినియం ఆమ్లంలోనూ కరుగుతుంది, క్షారంలోనూ కరుగుతుంది. క్షారంలో కరిగేటప్పుడు హైడ్రోజన్ వస్తుంది. లెక్క వేసి చూపించాను: ఒక గ్రాము అల్యూమినియం పూర్తిగా కరిగితే గది ఉష్ణోగ్రత దగ్గర సుమారు 1.3 లీటర్ల హైడ్రోజన్. గాల్లో 4 శాతం ఉంటే చాలు అంటుకోగల వాయువు అది. మనమేమో దాన్ని ఆక్సిజన్ ఎక్కువగా ఉన్న లూప్‌లో తిప్పుతున్నాం.

"ఆనోడైజ్ చేయించాను కదా అన్నా?"

ఆనోడైజింగ్ అంటే కరెంటుతో లోహం మీద పెంచే రక్షణ పొర. అది అల్యూమినియం ఆక్సైడే. అదీ క్షారంలో కరుగుతుంది. గుళికలు పొడిగా, గీతలు లేని పొర మీద ఉన్నంతసేపు పెద్దగా ఏమీ కాదు. మందమైన హార్డ్ కోటింగ్ ఉన్న అల్యూమినియంతో ఫ్యాక్టరీలో చేసిన యూనిట్లు కూడా ఉన్నాయి, జాగ్రత్తగా కడిగి ఆరబెట్టేవాళ్ల దగ్గర అవి ఏళ్ల తరబడి నడుస్తున్నాయి. మాది ఇంటి పని. స్పూన్‌తో గుళికలు గీకి తీస్తాం, ఒక ఆదివారం అలసిపోయి కడగకుండా కారు డిక్కీలో వదిలేస్తాం. ఆ ఆదివారాన్ని కూడా తట్టుకునే మెటీరియల్ కావాలి.

బలం లెక్క

వాడు 5 మి.మీ. మందం గొట్టం ఎందుకు కొన్నాడని అడిగితే "40 మీటర్ల లోతులో 5 బార్ ఒత్తిడి ఉంటుంది కదా" అన్నాడు. ఉంటుంది, కానీ డబ్బా లోపల కూడా అంతే ఉంటుంది. వదిలిన ఊపిరి నిండే కౌంటర్‌లంగ్ మెత్తటి సంచి. బయటి నీటి ఒత్తిడి ఎంతో లోపలి వాయువు ఒత్తిడి కూడా అంతే అయ్యేదాకా అది నొక్కుకుంటుంది. తేడా అంతా డబ్బా, సంచి ఉన్న ఎత్తుల మధ్య నీటి మట్టం తేడాయే, మహా అయితే 30 సెం.మీ. నీరు. 147 మి.మీ. వ్యాసం ఉన్న మూత మీద అది సుమారు 5 కిలోల బరువు. చిన్న బియ్యం సంచి. వంటింట్లో డబ్బా మూత కూడా మోస్తుంది.

ఈ లెక్క తేలాక వాడి ముఖంలో టెన్షన్ తగ్గింది. ఎంపిక ఒక్కసారిగా విశాలమైంది.

ఆరు వారాల సీసాలు

ఏ మెటీరియల్ ఏ రసాయనాన్ని తట్టుకుంటుందో చెప్పే పట్టికలు చూసి తేల్చేయొచ్చు. కానీ పట్టికలో "పర్వాలేదు" అని ఉన్న ప్లాస్టిక్, మర బిగించిన చోట పగలడం నా పనిలో చాలాసార్లు చూశాను. అందుకే ముక్కలు కోసి పరీక్షించాం. ప్రతి ముక్కకీ ఒక కన్నం పొడిచి బోల్టు గట్టిగా బిగించాం, అంటే ముక్క బిగువులో ఉంటుంది. తడిపిన సోడా లైమ్‌లో పూడ్చి, మూత వదులుగా పెట్టిన సీసాల్ని బాయిలర్ పక్కన వెచ్చటి అలమరలో ఆరు వారాలు ఉంచాం.

ఉత్త అల్యూమినియం దగ్గర నిమిషాల్లోనే బుడగలు కనిపించాయి. ఆనోడైజ్ చేసిన ముక్క మొదట నిలబడింది, కోసిన అంచు నుంచి నలుపు వెలిసిపోతూ వచ్చింది. జింకు పూత జాలీ ముక్క బూడిదరంగు పొడి వదిలింది, జింకుదీ అల్యూమినియం స్వభావమే. ఇత్తడి మసకబారింది. 316 రకం స్టెయిన్‌లెస్ స్టీల్ మెరుపు తగ్గలేదు.

మమ్మల్ని బాగా కదిలించింది పాలికార్బొనేట్. తుపాకీ గుండుకి కూడా పగలని ప్లాస్టిక్‌గా దానికి పేరు. ఆ నమ్మకంతోనే వాడు లోపలి గొట్టానికి దాన్ని కొన్నాడు. క్షారం దాని అణువుల గొలుసుని తెంపుతుంది. మూడో వారానికి పైన పాలమీగడ లాంటి మసక, ఐదో వారానికి బోల్టు చుట్టూ సూర్యకిరణాల్లా సన్నని పగుళ్లు. ఒకరోజు డైవ్ కోసం గుళికలు నింపుతూ స్ప్రింగ్ నొక్కినప్పుడు ఆ పగులు గోడ అవతలికి చేరితే ఏమవుతుంది? వదిలిన ఊపిరి గుళికల మధ్యకి వెళ్లకుండా పగులులోంచి నేరుగా తిరిగి నోటికొస్తుంది. బయటికి ఒక్క బుడగ కూడా రాదు.

యాక్రిలిక్ క్షారాన్ని బాగానే తట్టుకుంది. అయితే తర్వాత దాన్ని ఆల్కహాల్ వైప్‌తో తుడిస్తే బోల్టు దగ్గర వెంట్రుకల్లాంటి గీతలు వచ్చాయి. డైవ్ అయ్యాక క్రిములు చావడానికి చాలామంది తుడిచేది ఆల్కహాల్‌తోనే కాబట్టి దాన్నీ వదిలేశాం. త్రీడీ ప్రింటర్‌లో చేసిన పీఎల్ఏ అనే ప్లాస్టిక్ ముక్క గోరుతో గీస్తే సుద్దలా రాలింది. ఆ జాతి పాలియెస్టర్లన్నిటికీ క్షారం పడదు, పైగా పీఎల్ఏ 60 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది. పొరలు పొరలుగా అచ్చైన గోడలో వాయువుకి సందు లేదని ఎవరూ హామీ ఇవ్వలేరు.

ప్లాస్టిక్‌లలో మారకుండా మిగిలినవి నాలుగు: పాలీప్రొపిలీన్, హెచ్‌డీపీఈ (గట్టి రకం పాలిథీన్), గట్టి పీవీసీ, అసిటాల్ (విడిభాగాలకి వాడే గట్టి ప్లాస్టిక్). నాలుగూ మామూలు, చవక సరుకే. హెచ్‌డీపీఈ నాకు ఇష్టం, పడేసినా పగలదు. కానీ వేడికి బాగా సాగుతుంది. 150 మి.మీ. వ్యాసం ముక్క 15 డిగ్రీలు చల్లబడితే మూడో వంతు మిల్లీమీటరు కుంచించుకుంటుంది. ఓ-రింగ్ నొక్కుడంతా కలిపి అర మిల్లీమీటరు నుంచి ఒక మిల్లీమీటరు లోపే ఉన్నప్పుడు ఆ మూడో వంతు చిన్నదేమీ కాదు. దానికి జిగురు కూడా అంటదు. పాలీప్రొపిలీన్‌దీ దాదాపు అదే కథ.

పీవీసీలో మంచి, చెడు

అసిటాల్‌కీ జిగురు పట్టదు. మిగిలింది పీవీసీ. మన ఇళ్లలో బాత్రూమ్ డ్రైన్‌కి వాడే 110, 160 మి.మీ. పైపులే ఇక్కడ ఇంగ్లండ్ హార్డ్‌వేర్ షాపుల్లోనూ ఉంటాయి. వాడు సంతోషంగా ఒక డ్రైన్ పైపు కొనుక్కొచ్చాడు. లేత్ మీద అంచు చెక్కగానే లోపల మూడు పొరలు బయటపడ్డాయి: పైనా కిందా గట్టి పీవీసీ, మధ్యలో బన్ను రొట్టెలాంటి నురుగు. తేలికగా, చవకగా ఉండటానికి అలా చేస్తారు. డ్రైన్‌కి అది చక్కగా పనికొస్తుంది. ఓ-రింగ్ కూర్చునే చోట పై పొర చెక్కేస్తే మాత్రం వాయువు ఆ నురుగులోంచి దారి వెతుక్కుంటుంది. ఇంట్లో ఈ పని చేసేవాళ్లు పైపు కొనేముందు కోసిన అంచుని వెలుగులో చూడండి. మేం తాగునీటికి వాడే గట్టి ప్రెషర్ పైపుకి మారాం, గోడ అంతా ఒకే పదార్థం. బయటికి 160 మి.మీ. పైపు, లోపలి బుట్టకి 140 మి.మీ. పైపు. రెండింటి మధ్య సుమారు మూడున్నర మి.మీ. సందు. వదిలిన ఊపిరి ఆ సందులోంచి కిందికి దిగి, బుట్ట అడుగు నుంచి గుళికల్లోకి ఎక్కుతుంది. రెండున్నర కిలోల గుళికలకి సుమారు 3 లీటర్ల చోటు కావాలి, అంటే బుట్టలో 22 సెం.మీ. ఎత్తు.

ఆ సందు చలి నుంచి కాపాడటానికి కూడా, వదిలిన వెచ్చటి ఊపిరి బుట్ట చుట్టూ ఉంటుంది. లెస్టర్‌కి దగ్గర్లో స్టోనీ కోవ్ అనే పాత గ్రానైట్ క్వారీ ఉంది, ఇప్పుడు అది నీళ్లు నిండిన డైవింగ్ చెరువు. శీతాకాలంలో నీళ్లు ఎముకలు కొరికేంత చల్లగా ఉంటాయి. సోడా లైమ్ చల్లబడితే పని మందగిస్తుంది. యూరప్ ప్రమాణం ఈఎన్ 14143లో స్క్రబ్బర్ని 4 డిగ్రీల నీళ్లలో, 40 మీటర్ల లోతుకి సమానమైన ఒత్తిడిలో, నిమిషానికి 1.6 లీటర్ల కార్బన్ డయాక్సైడ్ పంపి పరీక్షించేది అందుకే. అల్యూమినియం వేడిని పంపే గుణం 167 అనుకుంటే 316 స్టీల్‌ది 16, పీవీసీది 0.2. అసలు చిక్కు ఏమిటంటే గోడ పక్కన గుళికలు ఎప్పుడూ మధ్యలోకంటే వదులుగా పేరుకుంటాయి. గుండ్రటి గింజలు నిటారు గోడకి ఆని సర్దుకోలేవు. వాయువు ఆ వదులు దారినే ఇష్టపడుతుంది. గోడ చల్లగా ఉంటే ఎక్కువ వాయువు వెళ్లే చోటే గుళికలు తక్కువ పని చేస్తాయి. రెండు బలహీనతలు ఒకే చోట కలుస్తాయి. అందుకే బుట్ట లోపలి గోడకి రెండు చోట్ల 6 మి.మీ. వెడల్పు పీవీసీ రింగులు అతికించాం, గోడ వెంట పాకే వాయువు మధ్యకి మళ్లాలని. గుళికలు కుదురుకున్నా వదులు కాకుండా అడుగున 316 స్ప్రింగ్, 316 జాలీ పెట్టాం. జాలీ కన్నం ఒక మిల్లీమీటరు లోపు, ఎందుకంటే మేం వాడే సన్న రకం గుళికలు 1 నుంచి 2.5 మి.మీ. మధ్య ఉంటాయి. దుమ్ము ఆపడానికి పాలీప్రొపిలీన్ గుడ్డ.

అతుకులు

ఇక్కడికొచ్చేసరికి నాకు ఒక సంగతి గట్టిగా అర్థమైంది. మేం గోడ గురించి నాలుగు నెలలు మాట్లాడుకున్నాం, ప్రాణం ఆధారపడేది అతుకు మీద. బయటి మూత ఓ-రింగ్ కారితే నీళ్లు వస్తాయి, గరగర శబ్దం వస్తుంది, డైవర్‌కి తెలుస్తుంది. లోపలి బుట్టకీ, దాని పైన బిగించే తల భాగానికీ మధ్య ఉన్న ఓ-రింగ్ కారితే ఏమీ తెలియదు. డైవ్‌కి ముందు లూప్‌లో గాలి నింపి ఒకసారి, పీల్చేసి ఒకసారి అందరం చేసే పాజిటివ్, నెగటివ్ ప్రెషర్ పరీక్షల్లో అది బయటపడదు, ఎందుకంటే ఆ లీకు లూప్ లోపలి నుంచి లూప్ లోపలికే. ఐదు నిమిషాలు ఊపిరి పీల్చి చూస్తే తెలుస్తుందనే నమ్మకమూ గట్టిది కాదు. ఆక్లాండ్ పరిశోధకులు 2015లో ప్రచురించిన పరీక్షలో, స్క్రబ్బర్ కొంత విఫలమయ్యేలా అమర్చినప్పుడు 20 మందిలో ఇద్దరు మాత్రమే తేడా గుర్తించి ఆపారు. స్క్రబ్బర్ అసలే లేనప్పుడు కూడా ఐదుగురు ఆపలేదు.

వాడి మొదటి డిజైన్‌లో ఇలాంటి లోపలి అతుకులు మూడున్నాయి: బుట్ట పైరింగు, మధ్యలోంచి వెళ్లే మర కడ్డీ, ఇంకో మూత. నేను ఒకటికి తగ్గించాను. బుట్ట పైకప్పుని పీవీసీ పలక నుంచి కోసి పీవీసీ పైపుకే సాల్వెంట్ సిమెంట్‌తో అతికించాం. ఒకే పదార్థం కాబట్టి రెండూ కరిగి ఒక్కటైపోతాయి. అసిటాల్ అయితే జిగురు పట్టదు, మరలు పెట్టాలి, ప్రతి మరా ఒక లీకు దారి. అతికించాక రెండు వారాలు వెచ్చటి గాలి తగిలేలా ఉంచాం, వాసన పూర్తిగా పోయేదాకా. ఆ ఆవిరిని పీల్చబోయేది మనిషి. ఈ రెండు వారాల దగ్గర వాడు తొందరపడ్డాడు, నేను ఒప్పుకోలేదు.

పైకప్పు మధ్యలో 60 మి.మీ. మెడ. మొత్తం యూనిట్‌లో లోపలి ఓ-రింగ్ అదొక్కటే. మెడ చిన్నదైతే చుట్టుకొలత తక్కువ, వేడికీ చలికీ వచ్చే తేడా కూడా మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు దాటదు. అది కూర్చునే తల భాగం అసిటాల్‌తో చేశాను. లేత్ మీద అసిటాల్ వెన్నలా తెగుతుంది, కొలత నిలుస్తుంది. బ్లీచ్ మాత్రం దానికి పడదు, కాబట్టి కడిగేటప్పుడు బ్లీచ్ వద్దని వాడికి చెప్పాను. బల్లపరుపు అంచు మీద పైనుంచి నొక్కే సీల్ కాకుండా చుట్టూ నొక్కే సీల్ పెట్టాను, ఎందుకంటే ప్లాస్టిక్ బోల్టు బిగువు కింద నెలల తరబడి కుంగుతుంది, పైనుంచి నొక్కే సీల్‌కి ఆ బిగువే ఆధారం.

ఓ-రింగ్ ఈపీడీఎం అనే రబ్బరుది. క్షారానికి అది చాలా మంచిది. వైటాన్ అనే ఇంకో రబ్బరు ఖరీదైనది కాబట్టి మేలనుకుంటారు, మామూలు రకం వైటాన్‌కి ఘాటైన క్షారం సరిపడదు. ఈపీడీఎంకి ఒక శత్రువు ఉంది: పెట్రోలియం. వాడు అలవాటుగా పెట్రోలియం జెల్లీ రాసి తెచ్చిన ఒక రింగు వారంలో ఉబ్బి గాడిలో పట్టలేదు. ఆక్సిజన్‌కి పనికొచ్చే ఫ్లోరినేటెడ్ గ్రీజు పలచగా రాస్తే చాలు.

పరీక్షలో దొరికిన గీత

బుట్ట అడుగుని రబ్బరు బిరడాతో పూర్తిగా మూసి, గుళికలు లేకుండా, తల బిగించి మెడ వైపు నుంచి గాలి ఊదాం. నీళ్లు పోసిన పారదర్శక గొట్టాన్ని యూ ఆకారంలో వంచి ఒత్తిడి చూశాం. 20 సెం.మీ. నీటి ఒత్తిడి పది నిమిషాల్లో 13కి దిగింది.

వాడు సిమెంట్ అతుకుని అనుమానించాడు. సబ్బు నీళ్లు రాస్తే అక్కడ బుడగ లేదు. భూతద్దంతో తల లోపలి గుండ్రటి కన్నం చూస్తే తప్పు నాదే అని తేలింది. చివరి కోత అయ్యాక లేత్ ఆపకుండానే కన్నం కోసే బోరింగ్ టూల్ని వెనక్కి లాగాను. అది గోడకి తగులుతూ వచ్చి సన్నటి మెలిక గీత పెట్టింది. గీత అడ్డంగా తిరిగితే ఓ-రింగ్ మూసేస్తుంది. మెలికగా ఈ వైపు నుంచి ఆ వైపుకి దాటితే వాయువుకి అదే కాలవ. వేలితో తడిమితే తెలియదు. పదిహేడేళ్ల అనుభవం ఉన్నవాణ్ణి, ఆ రోజు ఇంటికెళ్లాక నిద్ర పట్టలేదు. తల మళ్లీ కొత్తగా చేశాను, ఈసారి టూల్ని గోడ నుంచి విడిపించి, లేత్ ఆపి బయటికి తీశాను. 20 సెం.మీ. మట్టం పది నిమిషాలు కదల్లేదు. మరుసటి రోజు డబ్బాని రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచి మళ్లీ చూశాం, అప్పుడూ కదల్లేదు.

తర్వాత ఓ-రింగ్ తీసేసి బిగించి చూశాం. బిగిసింది. చూడ్డానికి ఏ తేడా లేదు. ఇది నన్ను బాగా భయపెట్టింది. చీకటి పొద్దున, చలికి వేళ్లు మొద్దుబారిన మనిషి రింగు పెట్టడం మర్చిపోతాడు, పెట్టాననుకుంటాడు. మెడ మీద ఓ-రింగ్ కింద మూడు చిన్న స్ప్రింగు పిన్నులు అమర్చాను. రింగు ఉంటే అది వాటిని లోపలికి నొక్కి ఉంచుతుంది. రింగు లేకపోతే పిన్నులు బయటికి పొడుచుకొచ్చి మెడ తలలోకి దిగదు. ఈ పని ఒక్కదానికే మూడు వారాలు పట్టింది.

2019 ఏప్రిల్‌లో స్టోనీ కోవ్‌లో 6 మీటర్ల మెట్టు మీద మొదటి డైవ్. వాడు అప్పటికే ఫ్యాక్టరీ యూనిట్ మీద కోర్సు పూర్తి చేసి ఉన్నాడు. వీపున వేరే మామూలు స్కూబా సిలిండర్ ఉంది, పక్కన నేను ఉన్నాను. ఇరవై నిమిషాల తర్వాత పైకొచ్చి డబ్బా విప్పాం. గుళికలు వెచ్చగా ఉన్నాయి, గోడ పక్కన కూడా.

మెడ ఓ-రింగ్ ఎన్ని డైవ్‌లకి మార్చాలో వాడు అడిగాడు. మూతకి లోపల చిన్న పీవీసీ పలక అతికించి, రింగు మార్చిన తేదీలు సూదితో చెక్కమన్నాను. ఇప్పుడు దాని మీద ఐదు తేదీలున్నాయి. అల్యూమినియం గొట్టం వర్క్‌షాప్‌లో నా డ్రిల్ బిట్ల స్టాండ్‌గా ఉంది.